సాక్చి దాటని మోటార్ సైకిల్

1982 అక్టోబరు, ఆదివారం. జంషెడ్‌పూర్ భుయ్యాడీహ్‌లో మా బావ ఇంటి వాకిలి.

హాజరైనవారు: మా అక్క, బావ, బావ వాళ్ల అమ్మ, నేను. వాకిట్లో స్టాండు వేసి మోటార్ సైకిల్.

ఆ రోజు డైరీ పేజీ అలాగే మొదలవుతుంది. ముందు తేదీ, తర్వాత ఎవరెవరు ఉన్నారో రాసుకోవడం నాకు కార్ఖానా ఇన్‌స్పెక్షన్ విభాగంలో అబ్బిన అలవాటు. అక్కడ ఒక రేకు మందం కొలిచినా కొలిచిందెవరు, పక్కన నిలబడి చూసిందెవరు అని రాసి సంతకాలు పెట్టించేవాళ్లం. ఉద్యోగం అయిపోయింది, అలవాటు మాత్రం పోలేదు. నా పెళ్లిచూపులకీ అలాగే రాశాను, మనవరాలి పుట్టినరోజుకీ అలాగే రాస్తున్నాను. ఆ ఆదివారం పేజీకి ఒక మూల పసుపు మరక ఉంది. అది ఎలా అంటిందో చెప్పాలంటే బండి సంగతి మొదటినుంచీ చెప్పాలి.

అప్పటికి నాకు పెళ్లి కాలేదు. గోల్‌మురిలో కంపెనీ క్వార్టర్లో ఇంకొక బ్రహ్మచారితో కలిసి ఉండేవాణ్ని. ఆదివారం పూట సైకిలు తొక్కుకుంటూ అక్క ఇంటికి భోజనానికి పోవడం నాకు ఆ వారానికంతా పండగ. వాళ్ల అద్దె ఇల్లు నదివైపు పోయే సందులో చివరిది. సాయంత్రాలు దూరంగా కార్ఖానావాళ్లు కొలిమిలో కరిగి మిగిలిన చిట్టెం పారబోసినప్పుడు ఆ సందు గోడలన్నీ ఎర్రగా వెలిగి ఆరిపోయేవి. మేమెవ్వరం తలెత్తి చూసేవాళ్లం కాదు. ఊరినుంచి కొత్తగా వచ్చిన చుట్టాలు మాత్రం బయటికి పరిగెత్తి చూసేవాళ్లు.

బావ ఒక కంట్రాక్టరు దగ్గర సూపర్‌వైజరు. మా అక్క పెళ్లికి ముందే టీచరు ట్రైనింగు చదివింది. జంషెడ్‌పూర్ వచ్చిన కొన్నాళ్లకి సోనారిలో ఒక చిన్నపిల్లల బడిలో ఆమెకి ఉద్యోగం దొరికింది. ఇంకా పర్మనెంటు కాలేదు. భుయ్యాడీహ్ ఊరికి ఒక కొస అయితే సోనారి ఇంకొక కొస. రెండు టెంపోలు మారి, మధ్యలో నడిచి పోవాలి. ఇంటి పని తెమిల్చుకుని అలా పోతే మొదటి గంటకి అందదు. అందుకే బావ ఎవరో వాడి అమ్మేసిన మోటార్ సైకిల్ కొన్నాడు. అక్క కోసమని ఎవరి దగ్గరా అనలేదు. తనకి బండి అంటే మోజని చెప్పుకున్నాడు.

విశ్వకర్మ పూజనాడు బండి ఇంటికి వచ్చింది. ఆ రోజు మా ఊళ్లో లేతు మిషనుకీ, క్రేనుకీ, రిక్షాకీ, చివరికి తూకం రాళ్లకి కూడా పసుపు, సింధూరం, బంతిపూల దండ పడాల్సిందే. బావ వాళ్ల అమ్మని నేను అత్తయ్య అనేవాణ్ని. శ్రీకాకుళం పక్క పల్లె నుంచి ఆవిడ ఆ వేసవిలోనే కొడుకు దగ్గరికి వచ్చింది. బండికి మొదటి బొట్టు ఆవిడే పెట్టింది. ఎక్కడ పెట్టాలన్న దానికి ఆవిడ దగ్గర లెక్క ఉంది. ముందు దీపం బండికి కన్ను, కంట్లో బొట్టు పెట్టరు. చక్రాలు కాళ్లు. పెట్రోలు ట్యాంకు మూత గుండ్రంగా, ఎత్తుగా, కొడుకు కళ్లకి ఎదురుగా ఉంది కాబట్టి అదే నుదురు. అప్పటినుంచి ప్రతి శుక్రవారం తలంటుకోగానే పాత బొట్టు తడిగుడ్డతో తుడిచి కొత్తది పెట్టేది. గాలికి ఎగిరిపోకుండా పసుపులో రెండు చుక్కలు నువ్వులనూనె కలిపి, మెత్తగా నూరి, వేలితో గట్టిగా అద్ది, దాని మీద కుంకం పెట్టేది.

మొదట్లో బండి బాగానే నడిచింది. తర్వాత ఆగడం మొదలుపెట్టింది. ఇంటి దగ్గర మొదటి కిక్కుకే అందుకునేది. గతుకుల రోడ్డంతా కులాసాగా పోయేది. ఊరి నడుమ సాక్చి గోల్ చక్కర్ కూడలి దాటబోతుండగా గొంతు బొంగురుపోయేది, దగ్గేది, ఆగిపోయేది. అక్కడొక పాన్ దుకాణం ఉంది. బండి సరిగ్గా దాని ముందు ఆగేది. బావ దిగి, పక్కకి లాగి, పెట్రోలు ఉందా లేదా అని మూత తీసి బండిని ఊపి చూసి, మూత పెట్టి, కిక్కు కొట్టేవాడు. వెంటనే స్టార్టయ్యేది. మళ్లీ సోనారి ఇంకా కనబడకముందే ఇంకోసారి ఆగేది. అక్క బడి గేటు దగ్గరికి చేరేసరికి ప్రార్థన అయిపోయి పిల్లలు లోపలికి పోతూ ఉండేవాళ్లు.

బావ దాన్ని సాక్చిలో ఒక మెకానిక్కుకి చూపించాడు. అతను కూడా ముందు మూత తీసి, లోపలికి తొంగి చూసి, "తేల్ తో హై," పెట్రోలైతే ఉంది అన్నాడు. తర్వాత ప్లగ్గు మార్చాడు. బండి స్టార్టయింది. మర్నాడు ఆగింది. ఈసారి కార్బురేటరు విప్పి కడిగాడు. స్టార్టయింది. మర్నాడు ఆగింది. ఇంజను వేడెక్కుతోంది, కాస్త విశ్రాంతి ఇవ్వాలి అన్నాడు. అప్పట్నుంచి బావ, పాన్ దుకాణం ముందు ఆగినప్పుడల్లా, ఎడ్లబండి తోలేవాడు ఎద్దు వీపు నిమిరినట్టు ట్యాంకు నిమిరి కాసేపు ఆగేవాడు. పెట్రోలు తక్కువైందేమోనని ట్యాంకు నిండా పోయించి చూశాడు. నిండుగా ఉన్నరోజు ఇంకా ముందే ఆగింది.

అత్తయ్యకి సంగతి ముందే అర్థమైపోయింది. దిష్టి. కోడలు పంతులమ్మ, కొడుకు వెనకాల కూర్చుని దర్జాగా బడికి పోతుందని సందులో అందరికీ ఆవిడే చెప్పుకుంది మరి. పైగా ఆ పాన్ దుకాణం వాడి కళ్లు మంచివి కావని, చూడకుండానే తేల్చేసింది. బొట్టు పెద్దది చేసింది. శుక్రవారంతో పాటు మంగళవారం కూడా పెట్టడం మొదలుపెట్టింది. బండి సాక్చి దాకా కూడా రాకుండా ఆగడం మొదలుపెట్టింది. ఆవిడ బొట్టు ఇంకా పెద్దది చేసింది.

నేను చెప్తున్న ఆదివారం నాటికి వ్యవహారం ఇక్కడిదాకా వచ్చింది. బడి పెద్ద పంతులమ్మ అక్కని గదిలోకి పిలిచి, దీపావళి సెలవుల లోపల ఇంకొక్కసారి ఆలస్యమైతే సెలవుల తర్వాత రానక్కర్లేదని చెప్పింది. బావ బండి అమ్మేయడానికి నిశ్చయించుకున్నాడు. నది అవతల ఒకాయన సోమవారం సాయంత్రం వచ్చి బండి తీసుకుపోతానన్నాడు. బండి పోతే అక్క ఉద్యోగం కూడా దానితోపాటే పోతుందని ఇంట్లో అందరికీ తెలుసు. భోజనాలయ్యాక అక్క పిల్లల కాపీ పుస్తకాలన్నీ ముందేసుకుని ఎర్ర సిరాతో దిద్దుతూ కూర్చుంది. వచ్చే వారం దిద్దాల్సినవి ఇప్పుడే ఎందుకు దిద్దుతున్నావని అడిగాను. సగం పని వదిలేసి రావడం బాగోదు కదా అంది. తలెత్తలేదు.

నేను బండి ఒకసారి చూస్తానన్నాను. బావ నవ్వాడు.

"రేకులు కొలిసేవోడివి, బండి గురించి నీకేటి తెలుసురా? స్కేలు తెచ్చావేటి?"

తెలియదని ఒప్పుకున్నాను. తెలియనప్పుడు మా విభాగంలో చేసే పనే చేద్దామన్నాను. ఒక్కసారి ఒక్కటే మార్చాలి, మిగతావన్నీ ఉన్నవి ఉన్నట్టు ఉంచాలి. మెకానిక్కు ప్లగ్గు మార్చినరోజు మూత కూడా తీశాడు, కార్బురేటరు కడిగినరోజు కూడా మూత తీశాడు. కాబట్టి దేనివల్ల స్టార్టయిందో మనకి తెలియదు. బండి ఆగాక నువ్వు ఏమేం చేస్తావో వరసగా చెప్పు అని బావని అడిగాను.

"ఏటి సేత్తాను? దిగుతాను. మీ అక్క నా మొకం సూత్తాది, నాను దాని మొకం సూడను. మూత తీత్తాను, పెట్రోలుంటాది. మూత ఎట్టెత్తాను, కిక్కు కొడతాను. ఎల్లిపోతాది."

అక్క కాపీ పుస్తకంలోంచి తల ఎత్తకుండానే అంది.

"మూత తీసినప్పుడు ఉస్సుమంటాది. అది సెప్పరేటి?"

"ఏటి ఉస్సు? నాకినబడనేదే."

"మీరు తిట్టుకుంటా తీత్తారు, మీకెలా ఇనబడతాది? పక్కన నిల్సున్నదాన్ని, నాకినబడతాది. బయటికి ఊదినట్టు కాదు తమ్ముడూ. లోపలికి పీల్సుకున్నట్టు."

ఇన్నాళ్లూ ఈ మాట ఎందుకు చెప్పలేదని బావ అడిగాడు. ఇన్నాళ్లూ నన్నెవరు అడిగారని అక్క అంది. బావ లేచి చెప్పులు వేసుకున్నాడు.

అక్క గాజులకి ఎప్పుడూ రెండు మూడు పిన్నీసులు వేలాడుతూ ఉండేవి. ఒకటి అడిగి తీసుకుని జేబులో పెట్టుకున్నాను. బావ బండి నడిపాడు, నేను అక్క కూర్చునే చోట కూర్చున్నాను. ఆదివారం కాబట్టి రోడ్డు ఖాళీగా ఉంది. ఆగకపోతే బాగుండునని రోజూ కోరుకునే మనిషి ఆ రోజు ఆగితే బాగుండునని కోరుకుంటూ నడపడం వింతగా ఉందని బావ వెనక్కి తిరిగి అరిచాడు. సాక్చి మార్కెట్ రానేలేదు, బండి దగ్గి ఆగిపోయింది.

దిగీ దిగగానే బావ చెయ్యి మూత మీదికి పోయింది. ఆగమన్నాను. ముందు మూత తియ్యకుండా కిక్కు కొట్టమన్నాను. కొట్టాడు. చెమట పట్టేదాకా కొట్టాడు. కదల్లేదు. తర్వాత ట్యాంకు కింద పెట్రోలు తెరిచి మూసే చిన్న కుళాయి ఉంటుంది కదా, దాన్నుంచి కార్బురేటరుకి పోయే రబ్బరు పైపు ఊడదీశాను. కుళాయి తెరిచే ఉంది, ట్యాంకు నిండా పెట్రోలు ఉంది. పైపులోంచి ఒక చుక్క పడింది. ఇంకొక చుక్క వేలాడింది, పడలేదు.

"ఇప్పుడు తియ్యి మూత," అన్నాను.

తీశాడు. ఉస్సుమంది. ఇద్దరం విన్నాం. మరుక్షణం పైపులోంచి ధార కట్టి పెట్రోలు బావ కొత్త చెప్పుల మీద పడింది. నేను కుళాయి మూసేలోపు రెండు పాదాలూ తడిశాయి. బావ కోప్పడలేదు. తడిసిన పాదాల వైపు చూసి, మూత వైపు చూసి, రోడ్డు పక్క రాయి మీద కూర్చున్నాడు.

మూత చేతిలోకి తీసుకుని తిప్పి చూశాను. ట్యాంకులోంచి పెట్రోలు తగ్గుతున్నకొద్దీ ఆ ఖాళీలోకి గాలి రావాలి. ఆ గాలి కోసం మూతకి నడుమ సూది దూరేంత రంధ్రం ఉంటుంది. అది మూసుకుపోతే లోపల గాలి పలచబడి, పెట్రోలు కిందికి దిగకుండా ట్యాంకులోనే నిలిచిపోతుంది. ఇప్పటి బళ్లకి గాలి కోసం వేరే పైపులు, వాల్వులు వచ్చాయి. వాటిలో ఏది మూసుకుపోయినా జరిగేది అదే. మా బావ బండికి ఆ రంధ్రం ఉండాల్సిన చోట, అచ్చంగా నట్టనడుమ, నూనెతో నూరిన పసుపు పొర మీద పొరగా గట్టిపడి ఉంది. పైన ఆ శుక్రవారం నాటి కుంకం ఇంకా తాజాగా ఉంది.

పిన్నీసు మొనతో రంధ్రం గీరాను. రుమాలుతో తుడిచాను. మూత పెదవుల దగ్గర పెట్టుకుని ఊదితే గాలి అటువైపు వచ్చింది. పైపు బిగించి, మూత పెట్టాక బావ కిక్కు కొట్టాడు. సాక్చి దాటి, పాన్ దుకాణం దాటి, సోనారి బడి గేటుదాకా పోయి వచ్చాం. ఎక్కడా ఆగలేదు. తిరిగి వస్తూ సందు మొదట్లో బావ బండి స్లో చేసి, "అమ్మకి సెప్పకు," అన్నాడు. వారానికి రెండుసార్లు తనే చాటుగా పిన్నీసుతో గీరేస్తానన్నాడు. ఒక మంగళవారం మర్చిపోతే బుధవారం అక్క మొదటి గంట పోతుందని నేనన్నాను. బావ బండి ముందుకి పోనిచ్చాడు.

అత్తయ్య అరుగు మీద కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది. మేం స్టాండు వేసేలోపే చేట పక్కన పెట్టి లేచింది. ఆవిడ చూపు నేరుగా మూత మీదే పడింది.

"బొట్టు తుడిసిందెవులు?"

బావ ఏదో నసిగాడు. దుమ్ము ఎక్కువగా ఉండి రాలిపోయిందన్నాడు. ఆవిడ కొడుకు ముఖం చూడలేదు, నా చొక్కా జేబు చూసింది. రుమాలు కొస పచ్చగా బయటికి కనబడుతోంది. బొట్టు చెరపడం అంటే ఆవిడకి ఎంత మాటో నాకు తెలుసు. రుమాలు జేబులోకి తోసుకున్నాను. అప్పుడు అక్క లోపల్నుంచి టీ గ్లాసులు పట్టుకొచ్చి, ఒకటి అత్తయ్య చేతికిచ్చి, పక్కనే కూర్చుంది.

"అత్తా, నూనె డబ్బాకి రెండు సిల్లులు ఎందుకు పెడతారు మీరు?"

"ఒక్క సిల్లే పెడితే నూని పడదు గదా. గుడగుడమని ఆగిపోతాది. ఎదర ఇంకోటి పెడితే గాలి పోయి దార పడతాది. ఏం, తెలీదేటి నీకు?"

"ఈ బండికి ఆ రెండో సిల్లు మూత మీదే ఉందత్తా. నడుమ."

అత్తయ్య టీ తాగలేదు. గ్లాసు కింద పెట్టింది. బండి దగ్గరికి పోయి మూత తీసి ఇమ్మంది. బావ తీసి ఇచ్చాడు. కొంగుతో పట్టుకుని, పడమటి వెలుతురుకి ఎత్తి, ఒక కన్ను మూసి ఆ రంధ్రంలోంచి చూసింది. చాలాసేపు చూసింది.

"అయితే దీని బడి ఆపేసింది నానేనా?" అంది, మూత దించకుండానే.

అక్కే అంది, మీరు కాదత్తా, పసుపు అని. మా క్షేమం కోసం పెట్టారు, క్షేమంగానే తిరిగొచ్చాం కదా, ఆలస్యంగా అన్నమాటే గానీ అంది. అత్తయ్యకి నవ్వు రాలేదు. పాపం, నెల రోజులుగా పొద్దున్నే లేచి కోడలి క్యారియరు కట్టి, గుమ్మం దాకా వచ్చి సాగనంపింది ఆవిడే. కాసేపటికి మూత కొడుకు చేతిలో పెట్టి, గొంతు మార్చింది.

"ఇంత బొక్క ఎడితే ఎవులికి కనబడతాది? సేసినోడికి బుద్ది నేదు. అంత బండి సేసి, కంతకాడ పీనాసితనమేటి?"

అప్పుడు బావ నవ్వాడు. చాలా రోజుల తర్వాత ఆ వాకిట్లో నవ్వు వినబడిందని డైరీలో రాశాను. రాస్తుంటే నా వేళ్లకి ఇంకా అంటి ఉన్న పసుపు పేజీ మూలకి అంటుకుంది.

రాత్రి భోజనాల దగ్గర బావ ఒక మాట చెప్పాడు. ఆదివారం రోడ్డు వేరు, పని రోజు రోడ్డు వేరు. రేపు పొద్దున అక్కని కూర్చోబెట్టుకుని ఎక్కడా ఆగకుండా సాక్చి దాటితే, సాయంత్రం వచ్చే ఆయనకి బండి ఇవ్వను. ఆగితే ఇచ్చేస్తాను. అక్క సరే అంది. దిద్దిన కాపీ పుస్తకాలు సంచిలో సర్దుకుంది. నాకు సోమవారం మధ్యాహ్నం షిఫ్టు కాబట్టి ఆ రాత్రి అక్కడే పడుకున్నాను.

సోమవారం పొద్దున నేను లేచేసరికి అత్తయ్య స్నానం చేసి, చిన్న గిన్నెలో పసుపు పట్టుకుని బండి చుట్టూ తిరుగుతోంది. శుక్రవారం కాదు, మంగళవారం కాదు. నన్ను చూసి దగ్గరికి రమ్మంది.

"బాబూ, ఈ దీపం కాడ గాలి పోయే సిల్లుందేటి?"

లేదన్నాను.

"ఇక్కడ, ఈ బురదరేకు మీద?"

అక్కడా లేదన్నాను. అయినా నమ్మకం కుదరక వంగి, వేలితో రేకు కొసనుంచి కొసదాకా తడిమి చూసుకుంది. తర్వాత ముందు చక్రం పైన బురదరేకు మీద, నంబరు పలకకి కాస్త ఎగువన, చిన్న బొట్టు పెట్టింది. నూనె కలపలేదు. మూత వైపు చూసింది గానీ ముట్టుకోలేదు. సాయంత్రం ఆ మనిషి వస్తే టీ ఇచ్చి పంపేస్తానని కొడుకుతో చెప్పింది. ముందు సాక్చి దాటనీ అమ్మా అన్నాడు బావ.

వాళ్లు బయల్దేరకముందే నేను సైకిలెక్కి బయల్దేరాను. గోల్‌మురి పోవాలంటే సాక్చి వైపు పోనక్కర్లేదు. అయినా పోయాను. గోల్ చక్కర్ దాటి పాన్ దుకాణం పక్కన సైకిలు ఆనించి నిలబడ్డాను. షిఫ్టుకి పోయే సైకిళ్లు గంటలు మోగించుకుంటూ గుంపులుగా వస్తున్నాయి. దుకాణం అతను ఆకులకి సున్నం రాస్తున్నాడు. అత్తయ్య అనుకున్నంత చెడ్డ కళ్లేమీ కావు, ముసలివాడు. కాసేపటికి రోడ్డు వైపు చూసి చెయ్యి ఆపాడు. వాళ్లు వచ్చే వేళ అతనికీ తెలుసు.

బండి చప్పుడు ముందు వినబడింది. గొంతు మారుతుందేమోనని విన్నాను. మారలేదు. సైకిళ్ల మధ్యనుంచి బావ బయటికి వచ్చాడు. భుజాలు బిగించుకుని, మెడ కూడా తిప్పకుండా, రోడ్డు వంకే చూస్తూ నడుపుతున్నాడు. అక్క ఒళ్లో కాపీ పుస్తకాల సంచి పెట్టుకుని, ఒక చేత్తో బావ భుజం పట్టుకుని కూర్చుంది. దుకాణం ముందునుంచి పోతున్నప్పుడు నన్ను చూసింది. చెయ్యి ఊపడానికి లేదు, రెండు చేతులకీ పని ఉంది. తల మాత్రం ఊపింది.

"ఆజ్ రుకా నహీ?" ఇవాళ ఆగలేదేమని అడిగాడు దుకాణం అతను, కొంచెం నిరాశగా.

ఇక ఆగదన్నాను. బండి సోనారి రోడ్డు మలుపు తిరిగింది. చప్పుడు వినబడినంతసేపూ అక్కడే నిలబడి విన్నాను. బడి మొదటి గంటకి ఇంకా టైముంది.